పిస్టల్ తూటాల రీలోడింగ్: ఏ లోడ్ డేటాను నమ్మాలి, ఎలా చదవాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. టెక్సస్‌లో ఉంటున్న మీరు 9 ఎంఎం లూగర్ తూటాలను ఇంట్లోనే రీలోడ్ చేసుకోవాలని, అంటే కాల్చిన ఖాళీ కేస్‌లో (తూటా లోహపు గుల్లలో) కొత్త ప్రైమర్ (నిప్పంటించే చిన్న మూత), పౌడర్, కొసన బుల్లెట్ పెట్టి మళ్లీ తూటాగా చేసుకోవాలని, సింగిల్ స్టేజ్ ప్రెస్ (ఒక్కోసారి ఒక్క పనే చేసే యంత్రం) కొన్నారు. 124 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే ఒక చిన్న బరువు కొలత) ప్లేటెడ్ బుల్లెట్లు, ఒక డబ్బా పౌడర్ తెచ్చుకున్నారు. అదే పౌడర్‌కు, అదే బుల్లెట్ బరువుకు మూడుచోట్ల మూడు వేర్వేరు గరిష్ఠ పరిమాణాలు కనిపించాయి. మీరు కొన్న బుల్లెట్ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. పైగా ఒక మిత్రుడు తన పాత మాన్యువల్‌ను (లోడ్ డేటా, అంటే ఏ తూటాకు ఎంత పౌడర్ వేయాలో చెప్పే పట్టికలున్న పుస్తకాన్ని), సగం వాడిన పౌడర్ సీసాను మీకిచ్చారు. వీటిలో ఏది నమ్మాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న. చాలా ఏళ్లుగా రీలోడింగ్ చేస్తూ, కొత్తవారికి నేర్పుతూ వస్తున్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను. అయితే ఈ సమాధానంలో ఎక్కడా ఇన్ని గ్రెయిన్ల పౌడర్ వేయండి అని అంకె రాయను. అలాంటి అంకెను నా దగ్గరి నుంచి గానీ, మరే అపరిచితుడి దగ్గరి నుంచి గానీ తీసుకోకూడదు అన్నదే నేను చెప్పబోయే మొదటి విషయం.

దానికంటే ముందు చట్టం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు. అమ్మడానికి తయారు చేస్తే మాత్రం కావాలి. కానీ హెచ్-1బీ, ఎఫ్-1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు, రాష్ట్రం జారీచేసిన వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకిని గానీ మందుగుండును గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. ఆ చట్టంలో మందుగుండు అంటే తయారైన తూటా ఒక్కటే కాదు; ఖాళీ కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ కూడా అందులోకే వస్తాయి. కాబట్టి తుపాకి లేదు కదా, సామాను మాత్రమే కొన్నాను కదా అన్న వాదన నిలవదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. మీ స్థితి ఏమిటో మీరు రాయలేదు. సందేహం ఉంటే ప్రెస్ బిగించకముందే న్యాయవాదిని అడగండి. భారతదేశం నుంచి ఇది చదువుతున్నవారికి కూడా ఒక మాట: అక్కడ 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం. కనుక కింద రాసినదంతా చట్టం అనుమతించిన చోట ఉన్నవారికి మాత్రమే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మాన్యువల్‌లో కనిపించే ఒక్కొక్క వరుస ఒక ప్రయోగానికి నివేదిక. ఫలానా కంపెనీ కేసులో, ఫలానా ప్రైమర్‌తో, ఫలానా బుల్లెట్‌ను ఫలానా మొత్తం పొడవు వచ్చేలా కూర్చి, ఫలానా పొడవున్న పరీక్షా బ్యారెల్‌లో (తుపాకి గొట్టంలో) కాల్చినప్పుడు ఇంత పీడనం, ఇంత వేగం వచ్చాయని ఆ వరుస చెబుతుంది. అంతకుమించి ఏమీ చెప్పదు. చాలామంది ఆ వరుసలో పౌడర్ బరువు ఒక్కటే చూసి పుస్తకం మూసేస్తారు. ఆ బరువు ఏ షరతుల కింద సురక్షితమో చెప్పే మిగతా గడులు చదవనప్పుడు ఆ అంకెకు విలువ లేదు. సురక్షితమైన డేటాను వెతకడమంటే నిజానికి రెండు పనులు: మొదటిది, పీడనాన్ని కొలిచే పరికరాలున్న ప్రయోగశాల నుంచి వచ్చిన నివేదికను పట్టుకోవడం; రెండవది, ఆ నివేదికలోని సామానుకూ మీ బల్లమీది సామానుకూ తేడా ఎంత ఉందో నిజాయితీగా చూసుకోవడం.

మొదటి పని సులువైనదే. పౌడర్ తయారీ సంస్థలు తమ డేటాను ఉచితంగానే ఇస్తాయి. హాడ్జ్‌డన్ సంస్థ ఆన్‌లైన్ రీలోడింగ్ డేటా సెంటర్‌లో హాడ్జ్‌డన్, ఐఎంఆర్, విన్చెస్టర్ పౌడర్ల వివరాలు ఉంటాయి. అలయంట్, ఫిన్లాండ్‌కు చెందిన విహ్టావువొరి సంస్థలు కూడా తమ తమ పౌడర్లకు ఇస్తాయి. బుల్లెట్ తయారీదారులలో హార్నడీ, స్పియర్, సియెరా పుస్తకాలు వేస్తాయి. ఏ ఒక్క బ్రాండుకూ పరిమితం కాకుండా అనేక పౌడర్లను, బుల్లెట్లను కలిపి ఇచ్చే పుస్తకం కావాలంటే లైమన్ మాన్యువల్ మంచిది. కాస్ట్ లెడ్ (మూసలో పోసిన సీసపు) బుల్లెట్ల విషయంలో నేను ముందుగా తెరిచేది దాన్నే. వీటిలో ఒక పౌడర్ సంస్థ డేటా, ఒక బుల్లెట్ సంస్థ పుస్తకం, ఒక స్వతంత్ర మాన్యువల్, ఇలా మూడు ఎదురెదురుగా పెట్టుకుంటే చాలు. పుస్తకం కొన్నప్పుడు మొదటి అధ్యాయాలు వదిలేసి పట్టికలకు దూకవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే పట్టికలను ఎలా చదవాలో చెప్పేది ఆ అధ్యాయాలే.

చర్చా వేదికల్లో ఎవరో రాసిన లోడ్, వీడియోలో చెప్పిన లోడ్, రేంజ్‌లో పక్క బల్ల దగ్గర విన్న లోడ్, కంప్యూటర్ చాట్ ప్రోగ్రాం చెప్పిన లోడ్ మాత్రం డేటా కావు. రాసినవారు మంచివారే కావచ్చు, వారి తుపాకిలో అది చక్కగా పనిచేసి ఉండవచ్చు. కానీ దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే చాలు, ప్రమాదం జరగడానికి. 9 ఎంఎంలో వేగంగా మండే కొన్ని పౌడర్లకు ప్రారంభ పరిమాణానికీ గరిష్ఠ పరిమాణానికీ మధ్య అర గ్రెయిన్ తేడా కూడా ఉండదు. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. అందులో సగమంటే చిటికెడు కూడా కాదు. అంత ఇరుకైన సందులో పనిచేసేటప్పుడు అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోవడం ఒప్పుకోదగిన విషయం కాదు. మండే వేగాన్ని బట్టి పౌడర్లను వరుసగా పేర్చిన చార్టులు కూడా అంతే. ఆ చార్టులో పక్కపక్కన ఉన్నాయి కదా అని ఒకదాని డేటాను మరొకదానికి వాడకూడదు. వరుస తెలుస్తుందే తప్ప వాటి మధ్య దూరం తెలియదు.

మూడుచోట్ల మూడు గరిష్ఠాలు ఎందుకున్నాయన్న ప్రశ్నకు వద్దాం. ఇది మిమ్మల్ని కలవరపెట్టడం సహజం, కానీ వాటిలో ఏదీ అబద్ధం కాదు. పరీక్షించిన బుల్లెట్ వేరు, మొత్తం పొడవు వేరు, ప్రైమర్ వేరు, కేస్ లోపలి ఖాళీ వేరు, బ్యారెల్ వేరు, పౌడర్ లాట్ (ఒకేసారి తయారైన విడత) వేరు. కొన్ని బుల్లెట్ సంస్థలు కొన్ని లోడ్లను మామూలు తుపాకిలోనే కాల్చి చూసి, ముందుగానే ఆపేస్తాయి. వాటి ప్రమాణ సంస్థ కూడా వేరై ఉండవచ్చు. అమెరికాలో 1926లో ఏర్పడిన సామీ అనే పరిశ్రమ సంస్థ 9 ఎంఎం లూగర్‌కు గరిష్ఠ సగటు పీడనాన్ని చదరపు అంగుళానికి 35,000 పౌండ్లుగా (పీఎస్ఐ) నిర్ణయించింది; ప్లస్ పీ, అంటే ఎక్కువ పీడనపు తూటా, అని రాసి ఉంటే అది 38,500. యూరప్‌లోని సీఐపీ అనే ప్రమాణ సంస్థ అదే తూటాకు 2,350 బార్ అంటుంది. ఇది కొద్దిగా తక్కువ, కొలిచే పద్ధతి కూడా వేరు. ఇక పాత పుస్తకాల్లో కనిపించే సీయూపీ అన్న కొలత చిన్న రాగి స్తంభం ఎంత నలిగిందో చూసి లెక్కగట్టినది. దానికీ ఇప్పటి పీఎస్ఐ కొలతకూ మధ్య నమ్మదగిన మార్పిడి సూత్రం లేదు కనుక ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చవద్దు. పట్టికలో ప్లస్ పీ వరుసను మామూలు వరుసగా చదవడం కూడా కొత్తవారి విషయంలో నేను తరచుగా చూసే పొరపాటు. మీ తుపాకి తయారీదారు పుస్తకంలో ప్లస్ పీకి అనుమతి స్పష్టంగా లేకపోతే ఆ పేజీ మీది కాదు.

మూడు ఆధారాల్లో ఏది ఎంచుకోవాలంటే, మీ సామానుకు అతి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. మూడూ సమానంగా దగ్గరగా ఉంటే, ప్రారంభ పరిమాణాల్లో అన్నిటికంటే తక్కువైనదానితో మొదలుపెట్టి, గరిష్ఠాల్లో అన్నిటికంటే తక్కువైనదాన్ని మీ హద్దుగా పెట్టుకోండి. మూడింటి సగటు తీయవద్దు; ఏ ప్రయోగశాలా పరీక్షించని అంకె అది. ఇంకొకటి, అలయంట్ వంటి సంస్థలు పిస్టల్ డేటాలో చాలాచోట్ల గరిష్ఠ పరిమాణాన్ని మాత్రమే ఇచ్చి, దాన్ని పది శాతం తగ్గించి మొదలుపెట్టమని వేరేచోట రాస్తాయి. ఒకే అంకె కనిపించినప్పుడు అది ప్రారంభమా గరిష్ఠమా అని పేజీ పైనా కిందా ఉన్న సూచనల్లో చూసి తేల్చుకోకుండా ముందుకు వెళ్లవద్దు.

ఇక మీ బుల్లెట్ పేరు పుస్తకంలో లేకపోవడం. మీ ప్రశ్నలో నిజంగా ఆలోచించవలసిన భాగం ఇదే. 124 గ్రెయిన్లు అన్నంత మాత్రాన రెండు బుల్లెట్లు ఒకటి కావు. జాకెటెడ్ బుల్లెట్‌లో సీసం మీద దళసరి రాగి తొడుగు ఉంటుంది. ప్లేటెడ్ బుల్లెట్‌లో మెత్తని సీసం మీద విద్యుత్తుతో పూసిన పలుచని రాగి పొర ఉంటుంది. మొత్తం రాగితోనే చేసిన బుల్లెట్లు కూడా వస్తున్నాయి. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు ఆ చివరి రకం పొడవుగా ఉంటుంది, కేసులోకి లోతుగా దిగుతుంది. వాటికి వాటి తయారీదారు ఇచ్చిన డేటా తప్ప మరేదీ పనికిరాదు. ప్లేటెడ్ బుల్లెట్లకు మాత్రం చాలామంది తయారీదారులు లెడ్ బుల్లెట్ డేటాను గానీ, జాకెటెడ్ డేటాలో కింది నుంచి మధ్య భాగాన్ని గానీ వాడమంటారు. మీ పెట్టె మీద పేరున్న సంస్థ ఏమంటోందో వారి వెబ్‌సైట్‌లో చూడండి. లేకపోతే ఫోన్ చేయండి లేదా మెయిల్ రాయండి. ఈ సంస్థల్లో సాంకేతిక ప్రశ్నలకు జవాబు చెప్పే మనుషులు ఉంటారు, కొత్తవారి ప్రశ్నలను విసుక్కోరు.

బుల్లెట్ మారినప్పుడు బరువు తర్వాత చూడవలసినది, అది కేసులోకి ఎంత లోతుకు దిగుతుందన్నది. లెక్క కష్టమేమీ కాదు. బుల్లెట్ పొడవును కేస్ పొడవుకు కలిపి, అందులోంచి తూటా మొత్తం పొడవు తీసివేస్తే లోతు వస్తుంది. కాలిపర్‌తో కొలిస్తే మాన్యువల్‌లోని బుల్లెట్ పొడవు 0.580 అంగుళాలు, కేస్ 0.750 అంగుళాలు, మొత్తం పొడవు 1.130 అంగుళాలు అనుకుందాం. అప్పుడు బుల్లెట్ 0.200 అంగుళాల లోతున ఉంది. మీ బుల్లెట్ పొడవు 0.620 అయి, మీరు మొత్తం పొడవును పుస్తకంలో ఉన్నట్లే 1.130 వద్ద ఉంచితే, అది 0.240 అంగుళాలు దిగుతుంది. బయటి నుంచి చూస్తే రెండు తూటాలూ ఒకే పొడవు; లోపల మాత్రం పౌడర్ మండటానికి ఉన్న ఖాళీ తగ్గిపోయింది. 9 ఎంఎం కేస్ అసలే చిన్నది, పనిచేసే పీడనం అసలే ఎక్కువ. ఖాళీ కొద్దిగా తగ్గినా పీడనం దానికి తగినట్లు కొద్దిగా పెరిగి ఆగదు, ఒక్కసారిగా ఎగబాకుతుంది. స్పియర్ మాన్యువల్‌లో దీనికి పరీక్షించి చూపిన ఉదాహరణ ఉంది: 9 ఎంఎంలో బుల్లెట్‌ను కావాలని 0.030 అంగుళాలు లోతుగా కూర్చినప్పుడు పీడనం రెండింతలు దాటింది. అందుకే పట్టికలో మొత్తం పొడవు అన్న గడిని పౌడర్ బరువుతో సమానంగా చూడమంటాను. పుస్తకంలో ఉన్న పొడవు కంటే తగ్గించవలసి వస్తే, పౌడర్ కూడా ప్రారంభ పరిమాణానికి తిరిగి రావలసిందే.

తగ్గించవలసిన అవసరం నిజంగానే రావచ్చు. సామీ ప్రకారం 9 ఎంఎం తూటా 1.169 అంగుళాలు దాటకూడదు, కానీ ఆ హద్దులో ఉన్నంత మాత్రాన అది మీ తుపాకిలో పడుతుందని కాదు. సీజెడ్-75 వంటి కొన్ని పిస్టళ్లలో ఛాంబర్ (బ్యారెల్ వెనుక కొసన తూటా కూర్చునే చోటు) ముందు భాగం కురచగా ఉండి, వేరే తుపాకిలో చక్కగా కూర్చునే తూటా రైఫ్లింగ్‌కు (బ్యారెల్ లోపలి మెలికల గాళ్లకు) తగిలి ఆగిపోతుంది. దీన్ని చూసుకోవడానికి పౌడర్ గానీ ప్రైమర్ గానీ లేకుండా ఒక డమ్మీ తూటా చేయండి. తుపాకి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని బ్యారెల్ విప్పి, ఛాంబర్ పైకి ఉండేలా పట్టుకుని డమ్మీని జారవిడవండి. అది టక్కుమని అడుగుకు చేరాలి, వేలితో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి, బ్యారెల్‌ను బోర్లిస్తే తనంతట తానే బయట పడాలి. ఈ మూడింటిలో ఒకటి జరగకపోయినా పొడవు తగ్గించి మళ్లీ చూడండి. తర్వాత అదే డమ్మీని మ్యాగజైన్ నుంచి కొన్నిసార్లు ఛాంబర్‌లోకి ఎక్కించి, ప్రతిసారీ పొడవు కొలవండి. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) దెబ్బకు బుల్లెట్ లోపలికి నెట్టుకుపోతూ ఉంటే కేస్ దాన్ని సరిగా పట్టుకోవడం లేదన్నమాట. మీరు ఎంత జాగ్రత్తగా ఎంచుకున్న డేటా అయినా అప్పుడు పనికిరాదు. అలాగని క్రింప్‌ను (బుల్లెట్ చుట్టూ కేస్ మూతిని నొక్కడాన్ని) మరీ బిగిస్తే ప్లేటెడ్ బుల్లెట్ మీది రాగి పొర తెగుతుంది. ఒక బుల్లెట్‌ను తిరిగి ఊడదీసి, క్రింప్ పడ్డ చోట పొర తెగి సీసం కనిపిస్తోందేమో చూస్తే తెలుస్తుంది.

పౌడర్ పేరును అక్షరం అక్షరం చదవండి. హాడ్జ్‌డన్‌లోనే క్లేస్, ఇంటర్నేషనల్, యూనివర్సల్ అని మూడు పౌడర్లు ఉన్నాయి, చివరి రెండిటి పేర్లలోనూ ఒకప్పుడు క్లేస్ అన్న మాట ఉండేది. మూడూ వేర్వేరు వేగంతో మండుతాయి. విహ్టావువొరి ఎన్320, ఎన్330, ఎన్340 కూడా అంతే, ఒక్క అంకె తేడా. దీనికి విరుద్ధంగా హెచ్‌పీ-38, విన్చెస్టర్ 231 ఒకే పౌడర్; హెచ్110, విన్చెస్టర్ 296 కూడా ఒకటే. కానీ ఫలానా రెండూ ఒకటే అన్న మాట తయారీదారు నోటి నుంచి వచ్చినప్పుడే నమ్మాలి, దుకాణంలోని మనిషి చెబితే కాదు. బల్ల మీద ఎప్పుడూ ఒకే పౌడర్ డబ్బా ఉండాలి, మెజర్ (పౌడర్ కొలిచి వేసే పరికరం) తొట్టిలో మిగిలినది పని ముగియగానే అదే డబ్బాలోకి పోవాలి.

తూనిక గురించి క్లుప్తంగా: గ్రెయిన్‌లో పదో వంతు చూపించే తూకం, దాన్ని సరిచూసుకునే చెక్ వెయిట్లు ఉండాలి. ఎలక్ట్రానిక్ తూకమైతే ఫ్యాన్ గాలి, ఏసీ గాలి తగలకుండా చూడండి.

రెండుసార్లు పౌడర్ పడటం గురించి మాత్రం క్లుప్తంగా చెప్పి ఊరుకోలేను. మీరు తర్వాత .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా కూడా చేస్తానని రాశారు. 19వ శతాబ్దం చివరి నాటి ఆ కేస్ 1.155 అంగుళాల పొడవు. నల్ల తుపాకిమందు కాలపు కొలతల నుంచి వచ్చినది కనుక లోపల ఖాళీ చాలా ఎక్కువ. బుల్స్‌ఐ వంటి వేగంగా మండే పౌడర్ అందులో అడుగున కొంచెమే కనిపిస్తుంది. రెండింతలు పడినా పొంగిపోదు, బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. అసలు పడకపోయినా అంతే. అప్పుడు ప్రైమర్ బలంతోనే బుల్లెట్ బ్యారెల్ మధ్యదాకా పోయి ఇరుక్కుంటుంది, దాని వెనుక మరో తూటా కాలిస్తే తుపాకి పగులుతుంది. కాల్చినప్పుడు శబ్దం బలహీనంగా వినిపిస్తే వెంటనే ఆగి, తుపాకి ఖాళీ చేసి బ్యారెల్‌లో చూడాలి. సింగిల్ స్టేజ్ ప్రెస్ మీద పౌడర్ వేసిన కేసులన్నిటినీ చెక్క లోడింగ్ బ్లాకులో నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చిలైటు వేసి వరుసవరుసగా లోపలికి చూడండి. అన్నిటిలోనూ మట్టం ఒకేలా కనిపించాలి. ఏ ఒక్కటి తేడాగా అనిపించినా దాన్ని ఖాళీ చేసి మళ్లీ తూచండి. ఈ కారణం వల్లే కేసును సగానికి పైగా నింపే పౌడర్‌ను, అంటే రెండోసారి పడితే బయటికి పొంగేదాన్ని ఎంచుకోమని కొత్తవారికి చెబుతుంటాను.

ప్రారంభ పరిమాణంతో కొన్ని తూటాలే చేసి కాల్చండి. స్లైడ్ సరిగా పనిచేస్తూ గురి కుదిరితే అక్కడే ఆగిపోవచ్చు. గరిష్ఠానికి చేరాలన్న నియమం లేదు. పెంచాలనిపిస్తే గ్రెయిన్‌లో పదో వంతు చొప్పున, ప్రతి మెట్టుకూ వేరే సంచిలో, చీటీ రాసి పెట్టండి. కాల్చిన కేస్‌లో చదునుగా అణగిన ప్రైమర్‌ను చూసి పీడనం తెలుసుకోవచ్చన్న మాటను పిస్టల్ విషయంలో నమ్మవద్దు. .45 ఏసీపీ అనే మరో పిస్టల్ తూటా హద్దు 21,000 పీఎస్ఐ మాత్రమే; ప్రైమర్ మీద గుర్తు కనిపించే సమయానికి మీరు ఆ హద్దును ఎప్పుడో దాటేసి ఉంటారు. ఇంటి దగ్గర మనం నిజంగా కొలవగలిగేది వేగం ఒక్కటే. అందుకే క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) కొనమంటాను. పట్టికలో గరిష్ఠ పరిమాణం దగ్గర రాసిన వేగాన్ని, అది ఎంత బ్యారెల్‌లో వచ్చిందో చూసి మీ వేగంతో పోల్చండి. మీ బ్యారెల్ పొడవు అంతే లేదా తక్కువై, వేగం మాత్రం పుస్తకం చెప్పిన గరిష్ఠాన్ని చేరిందంటే, మీరు వేసిన పౌడర్ బరువు ఎంత తక్కువైనా సరే, పీడనం గరిష్ఠానికి చేరిందనే అనుకోవాలి. అలాగే పట్టికలో ప్రారంభం కంటే కిందికి పోవడం కూడా క్షేమం కాదు. హెచ్110ను మూడు శాతానికి మించి తగ్గించవద్దని తయారీదారే హెచ్చరిస్తాడు.

చివరగా మీ మిత్రుడు ఇచ్చినవి. పాత మాన్యువల్‌ను చదవడానికి ఉంచుకోండి, పనిచేసే పద్ధతుల గురించి అందులో మంచి విషయాలు ఉంటాయి. పట్టికలను మాత్రం ఇప్పటి డేటాతో సరిపోల్చకుండా వాడవద్దు. అప్పటి కొలత పద్ధతి వేరు, అదే పేరున్న బుల్లెట్ ఆకారం కూడా ఈలోగా మారి ఉండవచ్చు. సగం వాడిన పౌడర్ విషయంలో నాకు సందేహమే లేదు. అది తయారీదారు డబ్బాలో, లాట్ నంబరుతో సహా రాకుండా వేరే సీసాలో వచ్చింది కనుక, లోపల ఉన్నది ఏమిటో మీ మిత్రుడికి కూడా ఖాయంగా తెలియదు. రంగును, గింజల ఆకారాన్ని చూసి పౌడర్‌ను గుర్తుపట్టడం సాధ్యం కాదు. మూత తీసినప్పుడు పుల్లని ఆమ్లం వాసన గానీ, ఎర్రటి గోధుమరంగు పొగ లేదా ధూళి గానీ కనిపిస్తే అది పాడవుతోందని అర్థం, ఇంట్లో ఉంచడం కూడా మంచిది కాదు. అలా లేకపోయినా దాన్ని తూటాలో వేయవద్దు, మెజర్‌లో పోయవద్దు, చెత్తబుట్టలో పారేయవద్దు. ఎలా వదిలించుకోవాలో మీ ఊరి అగ్నిమాపక శాఖకు ఫోన్ చేసి అడగండి.